ఓపిక మాది, లెక్క వాళ్ళది

2025 అక్టోబర్ 20న మా బేస్‌బాల్ జట్టు ఆఖరి మెట్టు ముందు ఓడిపోయాక నన్ను పలకరించిన వాళ్ళంతా ఒకటే మాట. "పోనీలే, వచ్చే ఏడాది చూద్దాం." ఆఫీసులో అన్నారు, గుడిలో అన్నారు, కాకినాడ నుంచి నాన్న ఫోన్ చేసి మరీ అన్నారు. అందరూ మంచి మనసుతోనే అన్నారు. కానీ సియాటిల్ మారినర్స్ అభిమానికి ఈ మాట ఓదార్పులా వినపడదు. 1977లో పుట్టిన జట్టు ఇది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లుంటే వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోటీ గడప ఒక్కసారి కూడా తొక్కనిది ఇదొక్కటే. అక్కడికి వెళ్ళి ఓడిన జట్లు వేరే ఉన్నాయి. మేం ఓడటానికి కూడా వెళ్ళలేదు.

ఏడవడానికి ఇది రాయడం లేదు. ఆ పని అక్టోబర్‌లోనే అయిపోయింది. నాకొక వాదన ఉంది. అభిమానుల ఓపికను జట్టు యాజమాన్యాలు పైసా ఖర్చు లేని ఆస్తిగా లెక్కేసుకుంటాయి. "నిజమైన అభిమాని ఎప్పుడూ వెంట ఉంటాడు" అని మనల్ని మనమే పొగుడుకుంటూ కూర్చుంటే వాళ్ళకి ఇంకా సుఖం. నిజమైన అభిమాని వెంట ఉంటాడు, నిలదీస్తాడు కూడా. మారినర్స్ 2023 నుంచి 2025 దాకా మూడేళ్ళ కథ తెలిస్తే ఈ మాట నేనెందుకు ఇంత గట్టిగా అంటున్నానో అర్థమవుతుంది.

బేస్‌బాల్ తెలియని వాళ్ళకి ముందు ఒక్క సంగతి చెప్పాలి. ఈ ఆటలో సీజన్‌కి 162 మ్యాచ్‌లు. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా దాదాపు రోజూ ఆటే. ఐపీఎల్‌లో లీగ్ దశ మొత్తం ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. ఐపీఎల్ సినిమా అయితే ఇది డైలీ సీరియల్. ఎంత గొప్ప జట్టయినా ఏడాదికి నలభైకి తక్కువ కాకుండా మ్యాచ్‌లు ఓడుతుంది, ఎంత చెత్త జట్టయినా అన్ని గెలుస్తుంది. కాబట్టి ఓడిన ప్రతి రాత్రీ అన్నం మానేస్తే అభిమాని బతకలేదు. కూర తరుగుతూ వింటాం, గిన్నెలు తోముతూ వింటాం, ఓడితే "సర్లే, రేపు మళ్ళీ ఉందిగా" అనుకుని పడుకుంటాం. ఈ అలవాటు మంచిదే. కాకపోతే ఇదే అలవాటు యాజమాన్యానికి కూడా అంటుకుంటుంది. వాళ్ళూ "రేపు ఉందిగా" అంటారు. ఇద్దరి అర్థమూ ఒకటి కాదు.

మా ఆయనకి ఇది బొత్తిగా ఎక్కదు. ఆయనది హైదరాబాద్ జట్ల గోల. డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు కొట్టిన కథ నాకు కనీసం ఏడాదికోసారి వినిపిస్తారు. "ఏడాదిలో తేలిపోవాలి, లేదంటే వదిలెయ్యాలి" అన్నది ఆయన సిద్ధాంతం. ఆ ఛార్జర్స్ 2012 తర్వాత లేకుండానే పోయింది, సన్‌రైజర్స్ వచ్చింది, ఈయన అభిమానం ఒక చొక్కా విప్పి ఇంకో చొక్కా వేసుకుంది. నేనలా చెయ్యలేను.

నేను 2010లో పెళ్ళయి ఇక్కడికొచ్చాను, హెచ్-4 వీసా మీద. అప్పట్లో ఆ వీసా ఉన్నవాళ్ళకి ఉద్యోగం చేసే అనుమతి లేదు. పగలంతా ఇల్లూ, కిటికీలోంచి కనపడే వానా. కారు నడపడం రాదు. వంటింట్లో పాత అద్దెదారులు వదిలేసి వెళ్ళిన రేడియో ఒకటుండేది. అందులో సాయంత్రాలు డేవ్ నీహాస్ గొంతు వచ్చేది. ఆయన ఈ జట్టు మొదటి సీజన్ నుంచీ వ్యాఖ్యాత. నియమాలేవీ తెలియకుండానే ఆయన గొంతు ఎక్కడం దిగడాన్ని బట్టి ఏదో జరుగుతోందని పట్టేదాన్ని. ఆ ఏడాది జట్టు 101 మ్యాచ్‌లు ఓడింది. 162 మ్యాచ్‌లలో కలిపి చేసిన పరుగులు 513, అంటే మ్యాచ్‌కి మూడు పైచిలుకు. అదే జట్టులో ఫీలిక్స్ హెర్నాండెజ్ అనే పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, ఉండేవాడు. తన వంతు పని అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో మా సగం) అందరికంటే బాగా చేసి, మనవాళ్ళు పరుగులు చెయ్యక 13 గెలుపులూ 12 ఓటములతో సీజన్ ముగించాడు. ఆ రికార్డుతోనే ఆ ఏటి ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. నవంబర్‌లో నీహాస్ గారు చనిపోయారు. ఊళ్ళో వాళ్ళు స్టేడియం బయట పువ్వులు పెడుతుంటే టీవీలో చూశాను. ఎవరో ఇంటి మనిషి పోయినట్టే ఉంది. అప్పటికి నేనొక్క మ్యాచ్ కూడా స్టేడియంలో చూడలేదు.

2012 ఆగస్టు 15న అదే ఫీలిక్స్ టాంపా బే మీద పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. 27 మంది వచ్చారు, 27 మందీ బేస్ ముట్టకుండానే వెనక్కి వెళ్ళారు. స్కోరు 1-0. అంత గొప్ప రోజున కూడా మా బ్యాటర్లు అతనికిచ్చింది ఒక్కటంటే ఒక్క పరుగు! 2019 దాకా ఇక్కడే ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్‌లో కూడా బంతి వెయ్యకుండానే వెళ్ళిపోయాడు. ఓపిక గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు ముందు ఫీలిక్స్ గుర్తొస్తాడు. అతని ఓపికకి దక్కిందేమిటి?

ఈ జట్టుకి మంచి రోజులు లేవని కాదు. 1995 గురించి ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతారు. ఆగస్టు మొదట్లో 13 మ్యాచ్‌లు వెనకబడి, చివరికి లెక్క సమం చేసి, ఏంజెల్స్‌తో విడిగా ఆడిన ఒక్క మ్యాచ్‌లో ర్యాండీ జాన్సన్ చేతుల మీదుగా గట్టెక్కి, ఆపైన యాంకీస్ మీద మొదటి రెండూ ఓడి తర్వాత మూడూ గెలిచారు. చివరి మ్యాచ్ మామూలు తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక సాగితే, 11వ ఇన్నింగ్స్‌లో ఎడ్గర్ మార్టినెజ్ కొట్టిన దెబ్బకి కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి బేస్ నుంచి ఏకబిగిన పరిగెత్తుకొచ్చి పరుగు పూర్తయ్యే ప్లేట్ మీద జారిన ఫొటో ఈ ఊళ్ళో చాలా గోడల మీద ఉంటుంది. కొత్త స్టేడియం కోసం పన్ను వెయ్యాలన్న ప్రతిపాదనని అదే సెప్టెంబర్‌లో కౌంటీ ఓటర్లు కొద్ది తేడాతో తిప్పికొట్టారు. అక్టోబర్‌లో ఈ గెలుపుల వేడి చూసి రాష్ట్ర శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి డబ్బు సమకూర్చింది. అంతకు మూడేళ్ళ ముందు, 1992లో, జట్టు వేరే ఊరికి తరలిపోకుండా కొని నిలబెట్టింది నింటెండో అధిపతి హిరోషి యమౌచి. ఈ సంగతి నాకు బాగా నచ్చుతుంది. ఇవాళ మా రెడ్‌మండ్ తెలుగువాళ్ళు రోజూ కార్లలో దాటి వెళ్ళే నింటెండో ఆఫీసుకీ, ఈ జట్టు ఇంకా ఇక్కడే ఉండటానికీ సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

2001లో అయితే 116 గెలిచారు. 1906 నాటి చికాగో కబ్స్ రికార్డుతో సమానం. ఇచిరో మొదటి ఏడాదే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అంత చేసి యాంకీస్ చేతిలో 4-1తో లీగ్ ఫైనల్లో పోయారు. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్ లేవు. అమెరికాలోని నాలుగు పెద్ద పురుషుల లీగ్‌లలో అప్పటికి అదే అతి పొడవైన కరువు.

2022 సెప్టెంబర్ 30న ఆ కరువు తీర్చింది కాల్ రాలీ, మన వికెట్ కీపర్ లాంటి క్యాచర్. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, కౌంట్ నిండి ఇక తర్వాతి బంతికే తేలేలా ఉంది, బెంచీ మీద నుంచి లేచొచ్చి ఓక్లాండ్ మీద హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. ఆ తర్వాత టొరంటో వెళ్ళి 8-1తో వెనకబడిన మ్యాచ్‌ని 10-9తో గెలిచారు. ఆ వెంటనే హ్యూస్టన్ వరసగా మూడు మ్యాచ్‌లలో ఊడ్చేసింది. మూడోది మా ఊళ్ళో, 18 ఇన్నింగ్స్ సాగింది. 17 ఇన్నింగ్స్ దాకా ఎవరికీ పరుగే లేదు. చివరికి 1-0తో పోయింది. ఆరు గంటల పైన ఆడి సున్నా! అయినా ఆ రోజు నేను కోప్పడలేదు. జట్టు కుర్రది, పిచ్చింగ్ బంగారం, జూలియో రోడ్రిగెజ్‌కి అప్పుడే 21 ఏళ్ళు. దీనికి ఒకరిద్దరు మంచి బ్యాటర్లు తోడైతే చాలనుకున్నాం.

తోడవలేదు. 2023లో 88 గెలిచి ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు. ఆ రాత్రి రాలీ విలేకరుల ముందు మనసులో మాట అనేశాడు. గెలవాలంటే మంచి ఆటగాళ్ళని తెచ్చుకోవాలి, యాజమాన్యం ఆ పట్టుదల చూపించాలి అని. తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది ఆ క్షమాపణకే. అతనన్నదాంట్లో తప్పేముంది?

కొద్ది రోజులకి బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు జెర్రీ డిపోటో ప్రెస్ మీట్‌లో తన సిద్ధాంతం వివరించాడు. పదేళ్ళ కాలంలో సగటున 54 శాతం మ్యాచ్‌లు గెలుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్ అందుతుందట. ఓపిక పట్టమని అడగడం అభిమానులకి తాము చేస్తున్న మేలు అన్న ధోరణిలో కూడా మాట్లాడాడు. ఊరంతా తిట్టిపోస్తే ఆయనా క్షమాపణ చెప్పాడు. ఆ ఏడాది మారినర్స్‌లో ఎవరు నోరు విప్పినా చివరికి క్షమాపణే.

ఇక్కడ నేను చాలామంది తోటి అభిమానులతో విభేదిస్తాను. 54 శాతం లెక్క తప్పు కాదు. నేను చేసేది డేటా పనే, ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పదేళ్ళు సగటున అంత గెలిచే జట్లు చాలా కొద్ది, అవి తరచూ ప్లేఆఫ్స్‌కి వెళతాయి, ప్లేఆఫ్స్‌లో అదృష్టం పాలు ఎక్కువ. అంతా నిజమే. కానీ 162లో 54 శాతం ఎంతో చూడండి. 87 దాటి 88కి అర మెట్టు కింద. అంటే 2023లో ఈ జట్టు సరిగ్గా వాళ్ళ లక్ష్యం సాధించింది. సాధించి ఇంట్లో కూర్చుంది. లక్ష్యాన్ని అందుకున్న ఏడాది అభిమానులకి శోకం అయితే, ఆ లక్ష్యం ఎవరి కోసం పెట్టుకున్నట్టు?

సగటు యాజమాన్యానికి పనికొచ్చే లెక్క. పదేళ్ళ సగటులో ఒక చెడ్డ ఏడాదిని ఒక మంచి ఏడాది సరిచేస్తుంది. అభిమాని బతికేది సగటులో కాదు. ఫీలిక్స్ బంతి వేసిన ఏళ్ళు ఫీలిక్స్‌వే, వాటిని 2031లో ఎవరో గెలిచి సరిచెయ్యలేరు.

ఆ ప్రెస్ మీట్ అయి రెండు నెలలు తిరక్కుండానే, 2023 నవంబర్‌లో, మూడో బేస్ ఆటగాడు యూహేనియో స్వారెజ్‌ని అరిజోనాకి ఇచ్చేశారు. జట్టులో అందరూ ఇష్టపడే మనిషి. జీతం భారం దించుకోవడానికే అని ఊళ్ళో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. 2024లో జూన్ నాటికి 10 మ్యాచ్‌ల ఆధిక్యం ఉండి కూడా నెల తిరిగేసరికి అదంతా కరిగిపోయింది. ఆగస్టులో మేనేజర్ స్కాట్ సర్వీస్‌ని తీసేసి పాత క్యాచర్ డాన్ విల్సన్‌ని కూర్చోబెట్టారు. ఆఖరికి 85 గెలుపులు, మళ్ళీ ఒక్క మ్యాచ్ తేడా. పిచ్చింగ్ ఆ ఏడాది కూడా బంగారమే. బ్యాటర్లే లేరు.

ఇప్పుడు 2025కి రండి. జూలైలో ఆటగాళ్ళ మార్పిడి గడువుకి ముందు అరిజోనా నుంచి జాష్ నేలర్‌ని తెచ్చారు, కొద్ది రోజులకి అదే అరిజోనా నుంచి స్వారెజ్‌ని వెనక్కి తెచ్చారు. వదిలించుకున్న మనిషినే, ఈసారి కుర్ర ఆటగాళ్ళని ఇచ్చి మరీ. దీని గురించి నేనేమీ అనను, మీరే నవ్వుకోండి. కానీ తెచ్చారు కదా! తేగానే ఏమైంది? 90 గెలుపులు, లీగ్‌లో మా గుంపుకి, అంటే డివిజన్‌కి, 2001 తర్వాత మొదటి టైటిల్.

ఆ సెప్టెంబర్ గురించి రాయకుండా ఉండలేను. జట్టు ఓడుతూ ఉంటే ఒక అభిమాని ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో ఎవరో మంత్రగత్తెకి డబ్బులిచ్చి మారినర్స్ కోసం మంత్రం వేయించాడు. వెంటనే వరసగా 10 గెలుపులు! ఊరంతా అదే మాట. అప్పుడు మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు, విజిటర్ వీసా మీద. నేను ఈ కథ చెబితే ఆవిడ నవ్వలేదు. "దిష్టి తీస్తే పోయేదానికి అంత డబ్బు దేనికి?" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి టీవీ చుట్టూ మూడుసార్లు తిప్పారు. ఆవిడకి ఆట తెలియదు కానీ రాలీ తెలుసు. "ఆ లావుపాటి అబ్బాయి వచ్చాడా?" అని అడిగేవారు. ఇక్కడి జనం కూడా అతనికి వెనకభాగం సైజుని బట్టే ముద్దు పేరు పెట్టారు కాబట్టి ఆవిడేమీ తప్పనలేదు. సెప్టెంబర్ 24న ఆ అబ్బాయి కొలరాడో మీద రెండు కొట్టి 60 హోమ్ రన్లకి చేరాడు, అదే రాత్రి డివిజన్ ఖాయమైంది. అప్పటిదాకా ఒక క్యాచర్ ఒక సీజన్‌లో కొట్టినవి ఎక్కువలో ఎక్కువ 48. కుడి ఎడమ రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేసేవాళ్ళలో మికీ మాంటిల్ 1961లో కొట్టిన 54 రికార్డు. రెండూ పోయాయి, గ్రిఫీ పేరున్న మారినర్స్ రికార్డు 56తో సహా. తర్వాత అత్యుత్తమ ఆటగాడి అవార్డు యాంకీస్ ఆరన్ జడ్జ్‌కి ఇచ్చారు, మొదటి స్థానం ఓట్లు 17కి 13. దాని మీద వాదించడం మొదలుపెడితే ఈ వ్యాసం ఇవాళ అయ్యేది కాదు.

అక్టోబర్ 10 రాత్రి డెట్రాయిట్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో అయిదో మ్యాచ్. నిర్ణయాత్మకం. లిన్‌వుడ్‌లో రైలెక్కి స్టేడియం స్టేషన్‌లో దిగాం, సంచీలో పులిహోర పొట్లాలు. మా స్టేడియంలోకి ఇంటి తిండి తెచ్చుకోనిస్తారు, ఈ ఊరి నాగరికతకి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. డెట్రాయిట్ పిచ్చర్ తారిక్ స్కూబల్ 13 మందిని బంతి అందనీకుండానే అవుట్ (స్ట్రైకౌట్) చేశాడు, అందులో ఏడుగురిని వరసగా. మనవాళ్ళు బ్యాట్ ఊపి వెళ్ళడం, వెళ్ళి కూర్చోవడం. అతను దిగాక ఏడో ఇన్నింగ్స్‌లో లియో రివాస్ అనే కుర్రాడు, ఆ రోజే పుట్టినరోజు, బెంచీ మీద నుంచి వచ్చి సమం చేశాడు. అక్కడి నుంచి టెన్షన్. పది, పదకొండు, పన్నెండు. మామూలుగా మొదటి ఇన్నింగ్స్ నుంచి వేసే లోగన్ గిల్బర్ట్, లూయిస్ కస్తీయో కూడా మధ్యలో దిగే పిచ్చర్లుండే బుల్‌పెన్ నుంచి వచ్చారు. 15వ ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా హోర్హే పొలాంకో కొట్టిన సింగిల్‌కి జె.పి. క్రాఫర్డ్ ప్లేట్ దాటాడు. 3-2. రెండు జట్లకీ గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి అనే మ్యాచ్‌లలో ఇన్ని ఇన్నింగ్స్ ఎప్పుడూ ఎవరూ ఆడలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళని కౌగిలించుకున్నాను. మా ఆయన, సినిమా సిద్ధాంతం మనిషి, గొంతు పోయేలా అరిచారు.

తర్వాత టొరంటోతో లీగ్ ఫైనల్. అక్కడికెళ్ళి మొదటి రెండూ గెలిచారు. ఇంటికొచ్చి 13-4, 8-2తో రెండు ఓడారు. అయిదో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాలీ హోమ్ రన్‌తో సమం చేస్తే, బేస్‌లు నిండాక స్వారెజ్ గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టాడు. 2023లో భారమనిపించిన స్వారెజ్! స్టేడియం ఊగిపోయింది. ఒక్క గెలుపు దూరంలో వరల్డ్ సిరీస్.

ఆ మ్యాచ్‌లోనే నాకు నచ్చని పని ఒకటి జరిగింది. బ్రయన్ వూ వేసిన బంతి టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మోకాలికి తగిలింది. అతను కుంటుతూ బయటికి వెళుతుంటే మావాళ్ళు కొందరు ఎగతాళిగా గోల చేశారు. 2017 హ్యూస్టన్ జట్టు ఎదుటి క్యాచర్ల సైగలు దొంగిలించిన వ్యవహారంలో అతనూ ఉన్నాడని ఇక్కడ పాత కోపం. ఆ కోపం నాకూ ఉంది. అయినా దెబ్బ తగిలినవాడి మీద గోల చెయ్యడం మన మర్యాద కాదు. కోప్పడాలి అని వాదిస్తున్నదాన్ని కాబట్టే చెబుతున్నాను, కోపానికి చిరునామా ఉండాలి.

ఆరో మ్యాచ్ పోయింది. ఏడోది అక్టోబర్ 20న, టొరంటోలో. ఏడో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 3-1తో మనమే పైన. వూ గతి తప్పిన బంతులతో ఒకరికి వాక్ ఇచ్చాడు, అంటే ఊరికే మొదటి బేస్‌కి పంపాడు, తర్వాతివాడు సింగిల్ కొట్టాడు, మెల్లగా తట్టిన ఒక బంట్‌తో ఇద్దరూ ముందుకు జరిగారు. ఇంకా ఎనిమిది అవుట్‌లు తీస్తే 48 ఏళ్ళ కథ మారిపోతుంది. డాన్ విల్సన్ ఎడువర్డ్ బజార్డోని పిలిచాడు. ఎదురుగా స్ప్రింగర్, ఆ మోకాలితోనే. ఎడమవైపు స్టాండ్‌లోకి మూడు పరుగుల హోమ్ రన్. 4-3. అదే ఆఖరి స్కోరు. చివరి అవుట్ జూలియో, తర్వాత రావలసిన రాలీ బ్యాట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచీ ఊరు రెండుగా చీలిపోయింది. మధ్యలో దిగే పిచ్చర్లలో జట్టుకి అత్యుత్తముడైన ఆండ్రెస్ మూన్యోస్‌ని ఆ క్షణంలో ఎందుకు పిలవలేదని ఒక వర్గం. నేనూ ఆ వర్గమే. తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం మంచి పిచ్చర్‌ని దాచిపెట్టడమంటే ఆ తొమ్మిదో ఇన్నింగ్స్ ఆధిక్యంతో వస్తుందని ముందే నమ్మేయడం. సీజన్‌లో ఫర్వాలేదు, మర్నాడు ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఏడో మ్యాచ్‌కి మర్నాడు లేదు. "రేపు ఉందిగా" అలవాటు డగౌట్‌లో కూడా ఉందని నాకనిపించింది. బజార్డోని మాత్రం నేను ఒక్క మాట అనను. ఆ నెలంతా పిలిచినప్పుడల్లా వచ్చి వేసినవాడు.

కానీ నిందంతా విల్సన్ మీదికి తోసేస్తే అసలు సంగతి తప్పించుకుపోతుంది. 2023లో ఒక్క మ్యాచ్, 2024లో ఒక్క మ్యాచ్, 2025లో ఒక్క మ్యాచ్, అదీ ఒక్క పరుగుతో. మూడేళ్ళు వరసగా తేడా ఇంతే ఉన్నప్పుడు దాన్ని దురదృష్టం అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. ఒక్క మ్యాచ్ అంటే ఒక్క మంచి ఆటగాడు. జూలైలో నేలర్, స్వారెజ్ వస్తే జట్టు ఎక్కడికి వెళ్ళిందో కళ్ళారా చూశాం. వాళ్ళలో ఒకరు మార్చి నుంచే ఉంటే? అప్పుడు 90 కాస్తా 94 అయ్యేదేమో, అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానం దక్కితే ఏడో మ్యాచ్ టొరంటోలో కాకుండా మా ఊళ్ళో జరిగేది. టొరంటో కూడా ఆ ఏడాది 94తోనే ముందు నిలిచింది. ఇది ఊహే, ఒప్పుకుంటాను. 54 శాతం కూడా ఊహే కదా.

"మన ఆట కాదు, నీకెందుకమ్మా ఇంత బాధ" అనేవాళ్ళూ ఉన్నారు. సత్య నాదెళ్ళ పెట్టుబడి ఉన్న సియాటిల్ ఆర్కాస్ క్రికెట్ జట్టు ఉంది కదా, దాన్ని పట్టుకో అంటారు. పట్టుకున్నాను కూడా, 2023లో ఫైనల్లో ఓడితే బాధపడ్డాను. కానీ వాళ్ళకి ఇక్కడ సొంత స్టేడియం లేదు, 2025 దాకా ఆటలన్నీ వేరే రాష్ట్రాల్లోనే. లిన్‌వుడ్‌లో రైలెక్కి పులిహోర పట్టుకుని వెళ్ళలేను. ఆట మనదా పరాయిదా అన్నది పుట్టుకతో వచ్చేది కాదు, పదిహేనేళ్ళు వంటింట్లో మోగితే అదే మనదవుతుంది.

2025 చలికాలం మొదలు బాగానే ఉంది. నేలర్‌ని అయిదేళ్ళకి 9.25 కోట్ల డాలర్లిచ్చి ఉంచుకున్నారు. నవంబర్‌లోనే, ఎవరూ బతిమాలకుండానే. మెచ్చుకోవలసిన పని, మెచ్చుకున్నాను. ఆ వెనకే రెండో బేస్ ఆటగాడు పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్ళిపోయాడు. 15వ ఇన్నింగ్స్‌లో ఆ సింగిల్ కొట్టినవాడి స్థానంలో ఎవరన్నదానికి "మన కుర్రాళ్ళు ఎదుగుతున్నారు" అన్న జవాబు వినపడుతోంది. కుర్రాళ్ళు మంచివాళ్ళే. 2023లోనూ కుర్రాళ్ళు మంచివాళ్ళే. స్వారెజ్ సంగతి 2025 ఆఖరికి తేలలేదు.

నిన్న ఫోన్‌లో నాన్న రాలీ కాంట్రాక్టు ఎన్నేళ్ళని అడిగారు. 2030 దాకా ఉందని చెప్పాను. "అయితే ఇంకా టైముందిగా" అన్నారు. లేదు నాన్నా. రాలీకి 2025 నవంబర్‌లో 29 నిండాయి. క్యాచర్ అంటే ఏడాదికి వంద పైన మ్యాచ్‌లు గొంతుక్కూర్చుని ఆడేవాడు, ఆ మోకాళ్ళు ఎన్నేళ్ళు సహకరిస్తాయో ఏ సగటూ చెప్పదు. ఇంకోసారి 60 కొడతాడని నేనైతే లెక్కేసుకోను. అందుకే రెండో బేస్‌కి మనిషిని 2026 జనవరిలోనే తేవాలి. జూలైలో తెస్తే మళ్ళీ ఏడో మ్యాచ్ ఎవరి ఊళ్ళో అని వెతుక్కోవాలి.